రెండు గదుల మధ్య మెమో

1976 జూన్‌లో నన్ను మానుకోట వైపు ఒక ప్రభుత్వ దవాఖానకు హెడ్ క్లర్కుగా వేశారు. దాని పేరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. సూపరింటెండెంటు గారికీ లేడీ డాక్టరు గారికీ మాటల్లేవు. ఆమె సెలవు అడిగితే ఆయన ఇవ్వలేదు. అయినా ఆమె వెళ్ళారు. తిరిగొచ్చాక సంజాయిషీ అడుగుతూ ఆయన మెమో ఇచ్చారు. అప్పటినుంచి ఇరవై అడుగుల దూరంలో కూర్చుని ఇద్దరూ కాగితాల మీదే మాట్లాడుకునేవారు. ప్రతి కాగితానికీ రిజిస్టరులో నంబరు వేసి మోసేది నేను. అడకత్తెరలో పోకచెక్కవయ్యావని అందరూ జాలిపడేవారు. నిజం చెప్పాలంటే, ఆ ఇద్దరికీ కావలసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది నాకు నచ్చేది కూడా.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఒక పొద్దున కురవి దగ్గరి తండా నుంచి నిండు గర్భిణిని ఎడ్లబండిలో తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ చేయాల్సింది లేడీ డాక్టరు గారు. మత్తు ఇవ్వడం తెలిసింది సూపరింటెండెంటు గారికే. రమ్మని ఆమె రాశారు. కేసు షీటు జతచేయలేదని ఆయన తిప్పి పంపారు. జతచేసి, ప్రాణం మీదికొచ్చిన కేసుకు ఈ అభ్యంతరం ఏ రూలు కిందని ఆమె అడిగారు. ఆయన రూలు రాసి నా చేతికిచ్చారు.

వరండాలో ఆ గర్భిణి తల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొద్దటిసంది ఇటుకెల్లి అటు తిరుగుతున్నవు సారూ. గా కాయితంల ఏం రాసిండ్రు?"

"ఆఫీసు సంగతి, అవ్వా."

"నా బిడ్డ పేరున్నదా అండ్ల?"

చూశాను. రూలు నంబరు ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. ఆ పిల్ల పేరు లేదు. నాకు సిగ్గేసింది.

మెమో జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళాను. లేడీ డాక్టరు గారు మిమ్మల్ని నోటితోనే రమ్మని అడిగారని ఆయనకు చెప్పాను. సార్ అప్పుడే బయలుదేరారని ఆమెకు చెప్పాను. రెండూ అబద్ధాలే. థియేటరు గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు, ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు.

ఆ పిల్ల బతికింది. కడుపులోని బిడ్డ దక్కలేదు. ఇంకాస్త ముందు మొదలుపెడితే దక్కేదని లేడీ డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ అన్నారు. రెండేళ్ళలో ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే. ఆయన తల వంచుకుని విన్నారు.

మర్నాడు, మెమో అందజేయనందుకు సంజాయిషీ అడుగుతూ సూపరింటెండెంటు గారి నుంచి నాకే ఒక మెమో వచ్చింది. తప్పు ఒప్పుకుని రాసిచ్చాను.

రాతలో పెడితే పేచీ సద్దుమణుగుతుందని మాకు పైవాళ్ళు నేర్పారు. నేను చూసింది వేరు. మధ్యలో చక్కగా మోసేవాడు ఒకడున్నంతకాలం ఇద్దరు అధికారులు మాట్లాడుకోరు. రెండేళ్ళు నేను చాలా చక్కగా మోశాను.