తేదీ అడిగే కంప్యూటర్

మా చిన్నప్పుడు... కొవ్వూరులో మా ఇంట్లో రోజూ సాయంత్రం ఒక కేక వినపడేది. "అక్కా, తేదీ ఎంత?"

కేక వేసేది మా తమ్ముడు చంటి. కంప్యూటర్ ముందు కుర్చీలో వాడు... గోడకున్న క్యాలెండర్ దగ్గర నేను. ఆ కంప్యూటర్‌తో నాకున్న సంబంధం అదొక్కటే.

రాజమండ్రిలో ఏదో ఆఫీసువాళ్ళు తీసేస్తుంటే నాన్న కొని, టాక్సీలో వంతెన దాటించి తెచ్చారు. అమ్మ దానికి బొట్టు పెట్టింది... పాత చీరతో ముసుగు కుట్టింది. కుర్చీ మాత్రం చంటిది.

"నీకెందుకమ్మా... చెడితే బాగుచేసేవాళ్ళు మన ఊళ్ళో లేరు" అనేవారు నాన్న. వాడు ముట్టుకుంటే చెడదా అని అడగాలనిపించేది. అడగలేదు.

అప్పటికే నేను పక్క వీధిలో టైపు నేర్చుకుంటున్నాను. కీల వంక చూడకుండా కొట్టేదాన్ని. వాడేమో ఒక్క చూపుడువేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ... వెనక నిలబడి చూస్తుంటే నా పదివేళ్ళూ దురద పెట్టేవి.

దాని లోపలి బ్యాటరీ మా ఇంటికి రాకముందే చచ్చిపోయింది. అందుకని ఎప్పుడు ఆన్ చేసినా 1-1-1980 అని చూపించి, అసలు తేదీ ఏంటని అడిగేది. నేను చెప్పేదాన్ని, వాడు కొట్టేవాడు. కొన్నాళ్ళు ఊరుకునేది... కొన్నాళ్ళు తప్పు అనేది. తప్పు వచ్చినప్పుడల్లా వాడు నా మీద పడేవాడు. "సరిగ్గా చూసి చెప్పక్కా."

రెండు నెలలు గమనించాను. నెల మొదట్లో గొడవ లేదు. పదమూడో తేదీ నుంచే గొడవ. అంటే ఇది మనలా తేదీ ముందు కాదు, నెల ముందు అడుగుతోంది... పదమూడో నెల లేదు కదా, అందుకే తప్పంటోంది. వాడి చెవిలో చెప్పాను.

కొట్టి చూశాడు. ఒప్పుకుంది. "నాన్నా, కనిపెట్టేశాను" అని వాడి కేక. నాన్న వాడి వీపు తట్టి, ఆ వారమంతా వీధిలో కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. నేను అక్కడే ఉన్నాను... క్యాలెండర్ దగ్గర.

మొన్న వేసవిలో చంటి దాన్ని అటక మీంచి దించాడు. బ్యాటరీ కారి లోపలంతా పచ్చగా చిలుము పట్టిందట. వెనిగర్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచాడట... ఫ్లాపీ డ్రైవ్‌ని దూదితో శుభ్రం చేశాడట. నా మోకాలి నొప్పి ఎలా ఉందని ఏనాడూ అడగనివాడు, దాని ఒంట్లో ఎలా ఉందో రోజూ ఫోన్ చేసి పూస గుచ్చినట్టు చెప్పేవాడు. విప్పిన స్క్రూలు సీసా మూతల్లో వేరువేరుగా పోసి, చీటీలు అంటించిన ఫోటో కూడా పంపాడు. వంటింటి డబ్బాలకి నేను చీటీలు అంటిస్తే నవ్వేవాడు వీడే.

"రేపు ఆన్ చేస్తున్నాను, రా అక్కా" అన్నాడు. ఇప్పుడు నేనుండేది రాజమండ్రిలో... వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. దాన్ని చూడ్డానికే అని చెప్పాను గానీ... నా కళ్ళు ఆ కుర్చీ మీదే ఉన్నాయి.

వాడే కూర్చున్నాడు. మరదలు సుజాత వీడియో తీస్తోంది. మీట నొక్కాడు... గరగరలాడింది... అక్షరాలు వచ్చాయి. 1-1-1980. మా తలలు నెరిశాయి గానీ దానికి ఇంకా అదే రోజు.

"అక్కా, తేదీ ఎంత?" అన్నాడు చంటి, వెనక్కి తిరక్కుండానే.

"పంతొమ్మిది" అన్నాను. ఒక్క వేలితో కొట్టాడు. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు.

"సరిగ్గా చూసి చెప్పక్కా."

సుజాత నవ్వింది. "వదినగారూ, మీరింకా ఆ చెప్పే పనిలోనే ఉన్నారా అండి?"

"జరుగు" అన్నాను వాడితో.

"పాతది అక్కా, జాగ్రత్త..."

"జరగరా."

కూర్చున్నాను. పదివేళ్ళూ ఆనించాను. నెల... తేదీ... సంవత్సరం. ఒప్పుకుంది.

"భలే గుర్తుందే నీకు, నెల ముందని" అన్నాడు.

"కనిపెట్టింది నేను కదా."

"నువ్వా? నేను కాదూ?" వాడి ముఖంలో అబద్ధం లేదు. వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడు... ఇన్నేళ్ళుగా.

"మీరే అయితే ఇప్పుడు రెండుసార్లు తప్పు కొట్టేవారు కాదు కదండీ" అంది సుజాత, ఫోన్ దించకుండా.

చంటి దాని పెట్టె మీద చెయ్యేసి, "కొత్త బ్యాటరీ తెప్పిస్తున్నాలే. అది వేస్తే తేదీ దానికే తెలుస్తుంది, ఇక ఎవర్నీ అడగదు" అన్నాడు.

"వేయకు" అన్నాను.

ఇప్పుడు ఇంట్లో ప్రతి వస్తువుకీ తేదీ తెలుసు... ఫోన్‌కి, టీవీకి, వాచీకి. ఇంటి ఖర్చులు రాసుకుంటూ పైన తేదీ వేసేది నేనొక్కదాన్నే. నన్ను అడిగేది ఆ పాత పెట్టె ఒక్కటే.

అసూయ పోయిందా అంటే... లేదండీ. లేవమన్నా నేను ఇంకో గంట ఆ కుర్చీలోంచి లేవలేదు. మీ ఇంట్లోనూ మిమ్మల్ని పక్కన నిలబెట్టిన కుర్చీ ఒకటి ఉండే ఉంటుంది... అందులో ఎవరు కూర్చునేవారు?