చారులో గొట్టం మాత్రల పొడి

పుంగనూరులో నాకు మెడికల్ షాపు ఉంది. ఫార్మసీ చదివి సొంతంగా పెట్టుకున్నాను, ఆ మాట కాస్త మిడిసిపాటుగానే చెబుతాను. అలాంటి నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, మదనపల్లెలో ఉండే మా అమ్మ వీధిలో ఎవరో అమ్ముతుంటే సన్నబడే గొట్టం మాత్రలు కొనింది. మలబారు చింత అనే పండు సారమట. మింగితే గొంతుకు అడ్డం పడుతున్నాయని గొట్టాలు విప్పి, పుల్లగా ఉంది కదా అని ఆ పొడిని చింతపండుకు బదులు చారులో వేసేసింది. రోజూ సంగటిలోకి ఆ చారే, అన్నంలోకి ఆ చారే. మిగిలింది గ్లాసులో పోసుకుని తాగేది.

అమ్మకు షుగరు, మాత్రలు వాడుతుంది. ఒక మధ్యాహ్నం చెమటలు పట్టి గడప దగ్గరే కూలబడిందని పక్కింటామె ఫోన్ చేస్తే షాపు మూసేసి బస్సెక్కాను. ఆసుపత్రిలో చూస్తే షుగరు బాగా పడిపోయింది. గ్లూకోజు ఎక్కాక తేరుకుంది. ఏం తిన్నావని గుచ్చి గుచ్చి అడిగితే చారు సంగతి బయటపడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పండే కదా పాపా. పండుకు కూడా లెక్కుంటాదా?" అంది.

పండుకు లేకపోయినా సారానికి ఉంటుందన్నాను. మనుషుల మీద చేసిన పరీక్షల్లో మందు లేని ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లకంటే ఇవి మింగినవాళ్లు బరువు తగ్గింది ఏ కాస్తోనని, కొన్నిటిలో అదీ లేదని, ఎంత మోతాదు సరైనదో ఎవరూ తేల్చలేదని, కొందరికి లివరు దెబ్బతిందని చెప్పాను. షుగరు పడింది దీనివల్లేనని డాక్టరు కచ్చితంగా అనలేదు. షుగరు మాత్రలతో కలిస్తే పడొచ్చు, ముందు ఆపమన్నాడు. అంతా విని అమ్మ ఆఖరున బిక్కమొహం వేసి, కుప్పంలో ఉన్న చిన్నమ్మకు కూడా ఒక డబ్బా ఇచ్చానంది. చిన్నమ్మకూ షుగరే.

ఫోన్ చేస్తే చిన్నమ్మ నవ్వేసింది. మీ అమ్మది ఎండదెబ్బ, మందుల షాపోళ్లకు అన్నీ భయాలే అంది. అమ్మ ఆ మాట విని ఊరుకోలేదు. ఒంట్లో కాస్త ఓపిక రాగానే పుంగనూరులో దిగి, నన్ను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కింది. తప్పు నాది అని ఎన్నడూ అననిది మా అమ్మ.

చిన్నమ్మ ఇంట్లో అందరి ముందరా నిలబడి అంది.

"ఇంట్లో సదివిన బిడ్డ ఉండాది, దాన్ని నేను అడగలా. తప్పు నాదే. నా మాట ఇని మింగితివి, ఇప్పుడు నా బిడ్డ మాట ఇని ఆపు."

గర్వంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. చిన్నమ్మ లేచి, డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.