పంపకుండా మిగిలిన జవాబు

పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. దయ్యాలకు భయపడే మనిషి ఆ ఉద్యోగం మొదటి వారంలోనే మానుకుంటుంది. మార్చురీ పక్క వరండాలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచిన రోజులు నాకున్నాయి. పోయినవాళ్ళు మనల్ని ఏమీ అనరు, సతాయించేదంతా బతికున్నవాళ్ళే అని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను. ఇది మాత్రం నాకు జరిగింది. జరిగిన వరసలోనే రాస్తున్నాను.

మాది పుదుచ్చేరి, మురుంగపాక్కం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నెల్లూరులో నర్సింగ్ చదవబట్టి నాకు తెలుగు రాయడం వచ్చింది. మా అమ్మకు ఏ రాతా రాదు. చక్కెర జబ్బు మాత్రలు గుర్తుపట్టడానికి ఆమెకు సొంత పద్ధతి ఒకటి ఉండేది. పొద్దున వేసుకునే మాత్రల అట్టకు ఒక చుట్టు దారం, రాత్రి వేసుకునేదానికి రెండు చుట్లు. డాక్టరు మానేయమన్న మాత్రకు నిలువుగా దారం చుట్టి మూడు ముళ్ళు వేసేది. ఆ అట్ట పారేయొచ్చు కదా అంటే, డబ్బు పోసి కొన్నది పారేస్తామా అనేది.

రెండువేల దశకం చివర్లో, నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి గుండె విభాగంలో ఒక వెబ్ పేజీ పెట్టారు. రోగులు బ్రౌజింగ్ సెంటర్ నుంచో ఆఫీసు నుంచో తమ ప్రశ్న రాస్తారు. డాక్టరు చెప్పిన జవాబును నర్సులం టైపు చేసి పంపాలి. ఫోన్ల గోల తగ్గుతుందని మేమందరం సంతోషించాం.

మొదలుపెట్టే ముందు కంపెనీవాళ్ళు వచ్చి, రోగులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి వాడించి చూడమన్నారు. పక్కన కూర్చుని, ఎక్కడ తడబడుతున్నారో రాసుకోవాలి. చదువురాని రోగి కూడా ఒకరు కావాలంటే, ఆ రోజు రక్తపరీక్షకు వచ్చిన అమ్మను కూర్చోబెట్టాను. ఆమె తరఫున నేనే టైపు చేసి, పంపే బటన్ చూపించాను. నొక్కింది. వెంటనే ఇంకో పేజీ వచ్చి, నిజంగా పంపమంటారా అని అడిగింది. అదేమిటో చదివి చెప్పాను.

"ఒకతూరి చెప్తే చాలదా? మళ్ళీ అడుగుతుందేంది?" అంది అమ్మ. కాసేపు తెర వైపు చూసి, "ఈ ఊరెంత? నడిచిపోయి చెప్పి రావొచ్చు గదా," అని లేచిపోయింది.

ఆ రెండో పేజీ నాకూ నచ్చలేదు. తొందరలో ఉన్నవాళ్ళు దాన్ని చూడకుండానే లేచిపోతారని అనిపించింది. కానీ ఇంటికి పోయే వేళయింది. కంపెనీ ఇచ్చిన కాగితంలో వాడటం సులువుగా ఉందన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చేశాను.

తర్వాత కొన్ని నెలలకు ఒక గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. రాసింది ఉష అనే అమ్మాయి. వాళ్ళ నాన్న దేవరాజులు, కోసపాళయంలో దర్జీ. గుండెలో కవాటం మార్చినందువల్ల రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాడు. రెండు రోజులుగా చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, విరేచనం నల్లగా అవుతోంది, మాత్ర వెయ్యాలా వద్దా అని ఆమె అడిగింది.

డాక్టరుకు చూపించాను. వెంటనే మాత్ర ఆపమని, ఈ రోజే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం చూపించమని చెప్పాడు. అదే టైపు చేశాను. చివరి మాట టైపు చేస్తుండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ పెరట్లో పడిపోయిందట. మాట రావడం లేదట, ఆటోలో మా ఆసుపత్రికే తెస్తున్నాడట. నేను పంపే బటన్ నొక్కి పరిగెత్తాను.

క్యాజువాలిటీలో అమ్మకు సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు. రవిక చెయ్యి బిగుతుగా ఉంది. నేనే కత్తెర తీసుకుని కుడి చెయ్యి అంచు నుంచి భుజం దాకా కత్తిరించాను. ఎన్నో ఏళ్ళుగా రోగుల బట్టలు కత్తిరించినదాన్ని, ఆ రోజు మాత్రం కత్తెర వంకరటింకరగా పోయింది. ఒంటిగంటకు అమ్మ పోయింది.

మూడు గంటలకల్లా ఇంటికి తీసుకెళ్ళాం. అత్తలూ పిన్నులూ వచ్చి, స్నానం చేయించి, చీర మార్చేసరికి ఐదు దాటింది. అప్పటిదాకా అమ్మ ఆ కత్తిరించిన రవికతోనే బెంచీ మీద పడుకుని ఉంది. నేను తల దగ్గరే కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడవమని వీపు నిమిరారు. చెయ్యి కింద బెంచీ చెక్క తగులుతోందని తెలుస్తోంది, అంతకుమించి ఏమీ తెలియలేదు.

పదహారో రోజు కర్మ అయిన మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. పేజీ తెరిస్తే, సగంలో ఆగినవి అన్న చోట ఒకటి అని కనబడింది. తెరిచాను. దేవరాజులు గారి జవాబు. మాత్ర వెంటనే ఆపండి అన్న నా మాటల కింద, నిజంగా పంపమంటారా అన్న ప్రశ్న అలాగే ఉంది.

నా తర్వాత కూర్చున్న సిస్టర్ ఆ వరసలో నా పేరు చూసి, నేను చేసేశాననుకుంది. అవతల ఉషకు మాత్రం, మీ ప్రశ్న చూశాం అని ఆకుపచ్చ రంగులో కనబడి ఉంటుంది. మేం ప్రశ్న తెరిస్తే చాలు, రోగికి అలా కనబడేది. చూసి కూడా ఏమీ అనలేదంటే ఫరవాలేదనే కదా ఎవరైనా అనుకునేది. పదిహేడు రోజులు ఆ మాత్ర వేసుకుంటూ ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.

భయపడాల్సిన చోట నాకు భయం కూడా రాలేదు. పేజీలో ఉన్న నంబరు బ్రౌజింగ్ సెంటర్‌ది, ఎవరూ ఎత్తలేదు. విలాసం రాసుకుని, పర్మిషన్ పెట్టి, స్కూటీ మీద కోసపాళయం వెళ్ళాను. మనిషి లేడని చెబితే ఏమనాలో దారంతా ఆలోచించాను.

వీధి మొదట్లోనే కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, దిండు గలేబు కుడుతున్నాడు. దేవరాజులు గారేనా అంటే తల ఊపాడు. నేను అరుగు మీదే కూర్చుండిపోయాను.

ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే ఆయన లోపలికి కేకేశాడు. ఉష వచ్చి మంచినీళ్ళిచ్చింది. "మనిషిని పంపించినారు, శానా మేలు చేసినారు సిస్టర్," అంది.

ఎవరిని పంపించామని అడిగాను. ఆ గురువారం ఉష పేజీలో మేం చూశామని ఉన్నది చూసుకుని, నిశ్చింతగా పనికి పోయిందట. సాయంత్రం వచ్చేసరికి నాన్న చొక్కా మార్చుకుని, ఆసుపత్రికి పోదాం పద అని సిద్ధంగా కూర్చున్నాడట. దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిలో సూది వేసి, మూడు రోజులు ఉంచుకున్నారట. ఇంకో రెండు రోజులు మాత్ర మింగి ఉంటే కష్టమయ్యేదని అన్నారట. వచ్చిన మనిషిని ఉష చూడలేదు.

చూసింది దేవరాజులు గారొక్కరే. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నాలుగింటికి టీకి లేస్తా ఉండా. ఒగామె వచ్చింది, మన తెలుగే. మాత్రలు యాడ పెట్టినావు అనింది. చూపిచ్చినా. ఇది ఇంక ముట్టొద్దు, ఈ పొద్దే పొయ్యి రక్తం చూపించుకో అనింది. దారం అడిగింది, మిషన్ మీద ఉండే కండె ఇచ్చినా."

ఆయన బిస్కెట్ డబ్బా తెచ్చి, అందులోంచి మాత్రల అట్ట తీశాడు. దాని చుట్టూ నిలువుగా తెల్లదారం చుట్టి ఉంది. మూడు ముళ్ళు. నేను అట్టను చేతిలోకి తీసుకున్నాను, ముళ్ళు విప్పలేదు.

దారం చుట్టడం లోకంలో మా అమ్మ ఒక్కతే చేసే పని కాకపోవచ్చు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ఏ రంగు చీర కట్టుకుందని అడిగాను. గుర్తులేదన్నాడు. జీవితమంతా బట్టలు చూసిన దర్జీకి చీర రంగు గుర్తులేదు. లేచి వచ్చేద్దామనుకుంటుండగా ఆయనే అన్నాడు.

"రవిక మాత్రం బాగలేదు పాపా. కుడి చెయ్యి పైదాకా కత్తిరించి ఉండాది. నేరుగా గూడా లేదు, ఎవురో చెయ్యి వణకతా కత్తిరించినట్టు. కూర్చో అమ్మా, రెండు నిమిషాల్లో కుట్టి ఇస్తా అన్నా. ఇంక దానికి పనిలేదులే అని ఎల్లిపోయింది."

నా పర్సులో అమ్మ ఫొటో ఉంది. దినాల పిలుపు కాగితం మీద వేయించినదాని నకలు. పర్సు జిప్పు మీద చెయ్యి పెట్టాను కానీ తీయలేదు. ఆయన అవునన్నా కాదన్నా, ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

తేల్చుకోగలిగినవన్నీ తేల్చుకున్నాను. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఎవరినీ ఎవరి ఇంటికీ పంపలేదు. ఉష ప్రశ్నకు ఏం జవాబివ్వాలో డాక్టరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకు నేను చెప్పనేలేదు, ఆమెను తెచ్చేసరికే స్పృహ లేదు. దేవరాజులు గారి దగ్గర మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బట్టలు కుట్టించుకోలేదు. ఆ నాలుగు గంటలప్పుడు అమ్మ నా కళ్ళ ముందే బెంచీ మీద ఉంది. ఆ రవిక సంగతి క్యాజువాలిటీలో ఉన్నవాళ్ళకూ మా ఇంటివాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు.

జరిగిన పొరపాటు నేనే పైవాళ్ళకు చెప్పాను. దానికీ ఒక పేజీ ఉంది, ఆ కంపెనీవాళ్ళదే. జవాబు ఎందుకు వెళ్ళలేదో రాశాను. సులువుగా ఉందని టిక్కు పెట్టింది నేనేనని కూడా రాశాను. రోగికి విషయం ఎలా తెలిసింది అన్నచోట ఫోను, ఉత్తరం, మనిషి ద్వారా అని మూడున్నాయి. మనిషి ద్వారా అన్నది ఎంచాను. కింద, చెప్పినవారి పేరు అని ఎర్ర చుక్కతో ఒక గడి వచ్చింది.

ఖాళీగా వదిలి పంపబోతే ఒప్పుకోలేదు. పేరు రాయండి అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అదే. తర్వాత జి. కన్నమ్మాళ్ అని మా అమ్మ పేరు టైపు చేశాను. నిజంగా పంపమంటారా అని రెండో పేజీ అడిగింది. ఈసారి లేవకుండా కూర్చుని నొక్కాను.

నెల తిరక్కుండా ఆ రెండో పేజీ తీసేశారు. జి. కన్నమ్మాళ్ ఎవరని మాత్రం నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

దయ్యాల మీద నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. అమ్మ ఆ మధ్యాహ్నం ముక్కూమొహం తెలియని మనిషి కోసం కోసపాళయం దాకా నడిచిపోయి చెప్పి రాగలిగితే, తల దగ్గరే కూర్చున్న నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.