యాదమ్మ మణికట్టు, నా దరఖాస్తు

1955లో నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో, ఎక్స్‌రే గది పక్కన నాకో గది ఇచ్చారు. తలుపు మీద ‘ఫిజియోథెరపీ’ అని రాయించాను. చదవగలిగినవాళ్ళకు కూడా అదేమిటో తెలియదు. బిగిసిన కీళ్ళను, సడలిన కండరాలను కసరత్తుతో మళ్ళీ పనిలోకి తెచ్చే విద్య అని ఓపిగ్గా వివరిస్తే, అంతా విని “మాలీషా?” అనేవాళ్ళు. రెండేళ్ళు బొంబాయిలో చదివొచ్చింది ఈ మాట పడటానికా అని నాకు ఒళ్ళు మండేది.

మా అన్న డాక్టరు, ఆబిడ్స్‌లో ప్రాక్టీసు. డాక్టరైతే రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపొచ్చు, జనం లేచి నిలబడి దండం పెడతారు, నువ్వేమో ఒక్క చేయి పట్టుకుని అరగంట కూర్చోవాలి అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు, అదే నా ఏడుపు. చివరికి మెడికల్ కాలేజీ దరఖాస్తు తెచ్చిచ్చాడు. నింపాను. సంతకం ఒక్కటే మిగిలింది.

యాదమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. నలభై ఏళ్ళుంటాయి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, గుమాస్తాలు తినే ఒక మెస్సులో జొన్నరొట్టెలు చేసేది. నల్లా దగ్గర జారిపడితే కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు ప్లాస్టర్‌లో ఉంచి తీశారు. ఎముక చక్కగా అతికింది కానీ చేయి కొయ్యలా బిగిసిపోయింది. మణికట్టు వెనక్కి వంగదు, అరచేయి బల్ల మీద ఆనదు.

“నా జాగల ఇంకొకామెను పెట్టిన్రు బిడ్డా,” అంది. “ఒకటో తారీఖుకు నేను రాకుంటే ఆమెనే ఉంచుకుంటరట. రొట్టె తప్ప నాకేం పని వస్తది?”

రోజూ వ్యాక్స్ బాత్ ఇచ్చాను, అంటే కరిగించిన గోరువెచ్చని మైనంలో చేయి ముంచడం. పిసకమని రబ్బరు బంతి ఇచ్చాను. దాంతోపాటు, అచ్చం మా అన్న గొంతుతో, పూర్తిగా నయమయ్యేదాకా పిండి జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. మూడు వారాలు గడిచాయి. కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్ ముల్లు ఉన్నచోటే ఉంది. బంతి పిసుకుతున్నావా అంటే ఔననేది. నిజానికి కాసేపు పిసికి, విసుగొచ్చి, చేయి కొంగులో దాచుకుని కూర్చునేది. ఒకటో తారీఖు తొమ్మిది రోజుల్లోకి వచ్చేసింది. నాకు భయం పట్టుకుంది.

అసలు ఆమె చేసే పనేమిటో చూద్దామని ఆ మధ్యాహ్నం మెస్సుకు వెళ్ళాను. యాదమ్మ పీట దగ్గర కొత్తామె కూర్చుని ఉంది. జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలిపింది. అరచేతి మొదలుతో నొక్కి నొక్కి పిసికింది. ముద్దను పీట మీద పెట్టి, మణికట్టు వెనక్కి వంచి, అరచేయి చాచి తిప్పుతూ తట్టింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ వేడి పిండే నా వ్యాక్స్ బాత్. ఆ తట్టడమే నేను బతిమాలి చేయించాలనుకునే కసరత్తు. ఏ పని చేస్తే ఆమె చేయి సాగుతుందో సరిగ్గా ఆ పనే మాన్పించి కూర్చోబెట్టాను. సిగ్గుతో చచ్చాను.

మర్నాడు నా గదిలోకి పీట, పెనం, పిండి వచ్చాయి. మైనం కరిగించే స్టవ్ ఎలాగూ ఉంది. ముందు మెత్తటి ముద్ద పిసకడం, రెండు రోజుల తర్వాత చిన్న రొట్టె తట్టడం. బంతిని ఐదు నిమిషాలు పట్టుకోలేని మనిషి అరగంటైనా లేవలేదు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, నేను తట్టిన రొట్టె చూసి నవ్వడం మాత్రం మానలేదు. “గిట్లాంటిది పెడితే మెస్సుల ఒక్కడు గూడ ఉండడు,” అంది. గోనియోమీటర్ ముల్లు కదిలింది.

నెలాఖరు రోజు దరఖాస్తు కోసం అన్న వచ్చాడు. గదంతా రొట్టె వాసన, నా చేతులకు మోచేతుల దాకా పిండి. గుమ్మంలోనే ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే యాదమ్మ పెనమంత రొట్టె తట్టి, రెండు చేతులతో లేపి, ఎక్కడా చిరగకుండా పెనం మీద వేసింది. నేను చప్పట్లు కొట్టాను. కాలాక తీసి, ఎక్కడ పెట్టాలా అని చూసింది. చేతికందిన కాగితం బల్ల మీద పరిచాను. అదేం కాగితమో నాకు తెలుసు.

అన్నకూ తెలిసింది. యాదమ్మ చేయి అందుకుని, మణికట్టును అటూ ఇటూ వంచి చూశాడు. రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

“గిది చీటీల ఎట్ల రాయాలె?” అన్నాడు.

యాదమ్మ ఒకటో తారీఖున పనిలో చేరింది. కొత్తామెను కూరల వైపు పెట్టుకున్నారు. ఎముక అతికించింది డాక్టరే, కాదనను. ఆ చేయి అన్నం పెట్టేదాకా పక్కన కూర్చునే పని మాత్రం నాది. అప్పటినుంచి ఎవరొచ్చినా, నొప్పెక్కడ అని అడిగేముందు, ఈ చేత్తో ఏం పని చేస్తారని అడుగుతాను.

దరఖాస్తు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సంతకం చేయాల్సిన చోట రొట్టె మరక.