చీలమండ ప్రశ్నలతో యాంగోన్‌కి

నా భార్య విశాఖలో ఫిజియోథెరపిస్టు. పాదం, చీలమండ నొప్పుల మీద ఇంగ్లీషులో ఉన్న ఒక ప్రశ్నావళిని యాంగోన్ తెలుగువాళ్ల కోసం తెలుగులో తిరగరాస్తూ సగంలో పోయింది. ఆమెకు తద్దినం పెట్టడం కంటే ఆ పని పూర్తి చేయడమే తేలికనిపించి బయల్దేరాను.

కోల్‌కతాలో ఉదయం ఎక్కిన విమానం సగం ఖాళీ. సైన్యం గద్దెనెక్కి ఏడాది దాటింది. పక్కసీటు టేకు వ్యాపారి, ఇప్పుడు బర్మాలో ఏం పనని హిందీలో అడిగాడు. "చీలమండలు" అన్నాను. తన కాళ్లు సీటు కిందికి లాక్కున్నాడు.

విమానాశ్రయంలో అధికారి నా కాగితాలు తిప్పి, "నడక గురించా? ఊరేగింపులా?" అన్నాడు. నా చెప్పులు చూశాక వదిలేశాడు.

మధ్యాహ్నానికి ఊరి నడుమ పబేడాన్ పేట చేరి, దోసె తిని, లాడ్జిలో సామాను పడేశాను. చీకటి పడితే బయట తిరగకూడదు. వెళ్లేవారు పనులన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి.

మర్నాడు బస్సులో ఇంకో పేట, అహ్లోన్ వెళ్లాను. నా భార్య ఆ ప్రశ్నలు రాస్తున్నది అక్కడి చిన్న ఆసుపత్రి కోసమే; దానికి నెలాఖరున ఒక సర్జన్ వస్తున్నాడు. ప్రశ్నావళిలో ఎక్కువ ఇబ్బంది తేలినవాళ్లకే ఆపరేషన్. రోగుల్ని అడిగి రాసేది అక్కడి తెలుగు కుర్రాడు రమణ. నన్ను 'సయా' అన్నాడు, బర్మా భాషలో మాస్టారని.

"బంధువుల ఇళ్లకు వెళ్లడం తగ్గిందా?" అన్న ప్రశ్నకు అందరూ పూర్తిగా మానేశామన్నారు.

"కాలు వల్లేనా?" అన్నాను.

"కాలు కాదండి, తుపాకీలు" అందొకావిడ.

ఆ లెక్కన ఊరందరికీ చీలమండలు పోయినట్టే. ఆ ప్రశ్న కొట్టేశాను.

"అప్పలమ్మ మామ్మకి సున్నా వచ్చింది సయా" అన్నాడు రమణ. "ఫోన్లో అడిగినాను. మెట్లెక్కడం కష్టం నేదంట, బజారు కష్టం నేదంట. ఆపరేషన్ అక్కర్నేదు. మనవరాలేమో రోజూ ఫోన్ చేసి ఏడుస్తది."

చూసొద్దామని ఇద్దరం వెళ్లాం. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. మామ్మ బాల్కనీలో కూర్చుని, వీధిలోకి వేలాడేసిన తాడును లాగుతోంది. తాడు చివర క్లిప్పుకు కూరగాయల సంచి. అక్కడ మేడల మీదివాళ్లందరి బజారూ అంతే. ఆవిడ చీలమండ తాటిపండంత ఉంది.

"మెట్లు కష్టం లేదన్నారట?" అన్నాను.

"దిగితే కదా బాబూ కష్టం? బజారుకి తాడెల్తది. దానికి కీళ్లు నేవు."

"చివరిసారి ఎప్పుడు దిగారు?"

"మా ముసిలోడు పోయినప్పుడు. ఆడిని నలుగురు మోసీసినారు. నేను కుంటుకుంటా దిగినాను." నన్ను ఎగాదిగా చూసింది. "నీకేటి ఆ రొప్పు? నీకూ ఓ తాడు కావాల."

గల్లీలో ఎవరూ బయటికి రాని రోజులు కాబట్టి, ఆవిడ కిందికి దిగడం లేదని ఎవరికీ తోచలేదు. అక్కడే కూర్చుని కొత్త ప్రశ్న రాశాను: "సరుకులు దిగి తెచ్చుకుంటారా, తాడుతో లాక్కుంటారా? ఈ వారం ఎందుకు దిగలేదు?" రమణ మళ్లీ లెక్క కట్టాడు. ఆపరేషన్ జాబితాలో మొదటి పేరు మామ్మదే అయింది. ఆ ప్రశ్న తనకు తట్టనందుకు నా భార్య రెండ్రోజులు అన్నం మానేసేది.

నెలాఖరున నేను తిరుగుప్రయాణమైన ఉదయమే మామ్మను ఆపరేషన్‌కి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. టాక్సీ అటే పోనిచ్చాను. రమణా ఇంకొకతనూ కుర్చీతో సహా ఆవిడను దింపుతున్నారు. "ఒలే, తాడు పైకి లాగీయే. క్లిప్పు ఎవడో ఎత్తుకుపోతాడు" అని మనవరాలి మీద కేకలేస్తోంది.

యాంగోన్ వెళ్లేవారు ఎవరినైనా బాగున్నారా అని అడిగేముందు తలెత్తి తాడు చూడండి.

విమానంలో ఒక ఖాళీ పత్రం మిగిలితే కాలక్షేపానికి నింపాను. మిత్రుల్ని కలవడం దగ్గర 'ఏ ఇబ్బందీ లేదు' అని టిక్కు పెట్టాను. ఆమె పోయాక ఏ మిత్రుడి గడపా తొక్కలేదని గుర్తొచ్చి, కోల్‌కతా దిగేలోపు కొట్టేశాను.