పరుపులు కుట్టే అధ్యక్షుడు

మొన్నొక మధ్యాహ్నం మా కోడలు, మనవరాలిని వచ్చే ఏడు చేర్పించాలనుకుంటున్న బడి గురించి ఫోనులో చూపిస్తూ, "అత్తమ్మా, ఈ బడి కమిటీలో ఉండేవాళ్లంతా ఎంతెంత సదువులు సదివినారో చూడు" అంది. కళ్లజోడు సర్దుకుని చూశాను. పుట్టపర్తి దారిలో కొత్తగా కట్టిన బడి అది. వరసగా ఏడెనిమిది ఫొటోలు, కోట్లు తొడుక్కున్న మగవాళ్లు, జరీ అంచు చీరలు కట్టుకున్న ఆడవాళ్లు, ఒక్కొక్కరి కింద వాళ్లు పుచ్చుకున్న పట్టాలూ, పనిచేసిన కంపెనీలూ. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు, బాగుందమ్మా అన్నాను. కోడలు ఫోను తీసుకుని లోపలికి పోయింది గానీ నేను మాత్రం ఆ కుర్చీలోనే ఉండిపోయాను. కిటికీ బయట ఎండ తెల్లగా కాస్తోంది, గాలికి ఎర్రమట్టి సన్నగా లేస్తోంది, ఆ మట్టి తెరలోంచి నలభై ఏళ్ల కిందటి మనుషులు కొందరు మెల్లగా నా వైపు నడిచి వస్తున్నట్టే అనిపించింది.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా వైపు పల్లెల్లో ప్రైవేటు బడి అంటే గొప్పవాళ్ల బడి కాదు, సర్కారు బడి మరీ దూరంలో ఉన్న ఊరివాళ్లు తమకు తాము చేసుకున్న ఏర్పాటు. గోరంట్ల నుంచి కదిరి వైపు పోయే దారిలో అలాంటి బడి ఒకటి ఉండేది. నాకు ఇరవై రెండేళ్లు. శిక్షణ పూర్తి చేసి, సర్కారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఆ బడిలో పంతులమ్మగా చేరాను. బండలు పరిచిన పైకప్పు, నాలుగు గదులు, అంతకు ముందు అది వేరుశనగ నిలవ చేసే కొట్టు. వాన పడ్డ రోజున, అటువంటి రోజులు ఏడాదికెన్ని అని నన్ను అడక్కండి, గోడల్లోంచి పచ్చి వేరుశనగ వాసన వచ్చేది, పిల్లలు ఎక్కాలు ఆపేసి ముక్కులు ఎగబీల్చుకుంటూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవారు. వాళ్లను మళ్లీ ఎక్కాల్లోకి తెచ్చే మాట అటుంచి, నేనే కాసేపు వాకిట్లో నిలబడి, తడిసి నల్లబడుతున్న గుండ్రాళ్ల గుట్టల్ని చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఆ బడికి ఒక పాలకవర్గం ఉండేది. కొట్టు ఇచ్చిన వేరుశనగ మండీ ఆయన ఒకరు, ఆటస్థలానికి నేల ఇచ్చిన గొర్రెల కాపరి ఒకరు, ఊళ్లో పురుళ్లు పోసే అవ్వ ఒకరు, కార్యదర్శిగా మా హెడ్మాస్టరు ఒకరు. అధ్యక్షుడు పరుపులు కుట్టే తాత. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం వాళ్లది, తాతల నాటి నుంచి దూది ఏకడమే పని. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా పరుపూ దిండ్లూ ఆయన చేతి మీదుగానే పోయేవి. నెలకోసారి ఐదుగురూ పిల్లల బల్లల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని సమావేశం జరిపేవారు. తాత కనుబొమల మీద ఎప్పుడూ నాలుగు దూది పోచలు అంటుకుని ఉండేవి, ఆయన తలాడించినప్పుడల్లా అవి కదిలేవి.

ఆ సంవత్సరం మా పిల్లలు మొదటిసారి ఏడో తరగతి పరీక్షకు తయారవుతున్నారు. వాళ్లు మా బడి పేరు మీద పరీక్ష రాయాలంటే బడికి గుర్తింపు రావాలి. గుర్తింపు కావాలంటే పాలకవర్గం సభ్యుల వివరాలు పంపమని కాగితం వచ్చింది. పేరు, వయసు, వృత్తి, చదువు. అక్షరాలు గుండ్రంగా రాస్తానని ఆ పని హెడ్మాస్టరు నాకు అప్పగించారు. అప్పగిస్తూ, ఎవరు ఏం చెప్పినా చదువు లేనివాళ్లందరికీ ఐదో తరగతి అని రాసేయమని, ఎవరూ వచ్చి చూడరని, చాలా మామూలుగా చెప్పారు.

నేను ముందు అవ్వ దగ్గరికి పోయాను. వయసు ఎంతవ్వా అంటే ఆవిడ నవ్వింది. ఊళ్లో ప్రతి బిడ్డా ఏ కరువులో, ఏ వారం, ఏ పొద్దు పుట్టిందో చెప్పగలిగిన మనిషి తన వయసు మాత్రం చెప్పలేకపోయింది. బడి పెట్టిన కొత్తలో ఆడపిల్లల్ని పంపని ఇళ్ల ముందు ఆవిడే పోయి నిలబడేదట. "ఈ పిల్ల అందరికంటే ముందు నా చేతుల్లోకే వచ్చె. దాని మీద నాకూ మాట ఉండాది. బడికి పంపు" అనేదట. కాదనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదట. చదువు గడిలో ఏం రాయాలో తెలియక నేను కలం పట్టుకుని కూర్చుంటే, "ఏముంటే అది రాయమ్మా, లేంది యాడ నుంచి తెస్తావు" అంది.

కాపరి గుట్ట కింద గొర్రెల మధ్య దొరికాడు. కంబళి పరిచి నన్ను కూర్చోబెట్టి, తాను నిలబడే మాట్లాడాడు. ఒక కరువు ఏట మంద తోలుకుని కర్ణాటక వైపు దూరంగా పోయాడట. పచ్చగా కనిపించిన ఒక చేను పక్కన పలక పాతి ఉంటే, అది ఏమిటో తెలియక గొర్రెల్ని వదిలాడట. పురుగుమందు కొట్టిన చేను అది. మందలో సగం అతని కళ్ల ముందే పడిపోయాయి. "పలక మీద కన్నడం రాసినారంట టీచరమ్మా. కానీ ఆ అక్షరాలు మన అక్షరాల మాదిరే ఉంటాయంట గదా? మనది వచ్చింటే అది కొంచెమైనా తెలిసుండేదేమో గదా?" అని నన్ను అడిగాడు. ఔనన్నాను. గొర్రెల మెడల గంటలు ఎండలో ఎక్కడో నీళ్ల కింద మోగుతున్నట్టు వినిపించాయి. ఇన్నేళ్లయినా కన్నడ బోర్డు కనబడితే నాకు ఆ గంటలే వినిపిస్తాయి.

తాత ఇంటికి పోయేసరికి ఆయన దూది ఏకుతున్నాడు. విల్లు నారి ఒక్కో దెబ్బకు వీణ మంద్ర స్థాయిలో పలికినట్టు గుమ్మని మోగేది, ఆ మోతకు దూది విడిపోయి గాల్లోకి లేచి, కిటికీలోంచి పడే వెలుతురు పట్టెలో నిదానంగా తేలుతూ మళ్లీ నేలకు దిగేది. గడపలో నిలబడి చూస్తుంటే బయటి కరువు నేల, ఎండిన వంక, అన్నీ మరిచిపోయి ఏ మంచు కురిసే దేశంలోనో ఉన్నట్టుండేది. తాత నన్ను చూసి విల్లు పక్కన పెట్టాడు. చదువు సంగతి అడిగితే, హెడ్మాస్టరు ముందే చెప్పి ఉంచారు కాబోలు, ఐదో తరగతి అన్నాడు. రాశాను. సంతకానికి కాగితం ఆయన ముందుంచాను. నా వైపు నుంచి చాచినందువల్ల కాగితం ఆయనకు తలకిందులుగా పడింది. ఆయన దాన్ని తిప్పలేదు. కలం తీసుకుని, ఎంతో శ్రద్ధగా, ఎగువన ఉన్న ఖాళీలో, ఆ తలకిందుల కాగితం మీద తన పేరు మొదలుపెట్టాడు.

నా మొహంలో ఏదో కనిపించి ఉంటుంది, ఆయన చెయ్యి ఆగింది. కలం కింద పెట్టి, లోపలి నుంచి ఒక దిండు గలేబు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. దాని మీద ఎర్రదారంతో ఒక పెళ్లికూతురి పేరు, చుట్టూ పువ్వులు.

"ముప్పై ఏండ్ల నుంచి పేర్లు కుడతాండా టీచరమ్మా. వాళ్లు రాసిచ్చిన చీటీ చూసి, పువ్వు కుట్టినట్లే అక్షరం కుడతా. ఏది ఏ అక్షరమో మాత్రం తెలీదు. నా సంతకమూ అట్లే, హెడ్మాస్టరు రాసిస్తే చూసి నేర్సుకున్యా."

ఒకసారి రెండు పెళ్లిళ్ల చీటీలు కలిసిపోయి, ఒక పెళ్లికూతురి దిండు మీద వేరే పిల్ల పేరు కుట్టి పంపాడట. పెళ్లింట్లో అందరూ నవ్వారు, ఆ పెళ్లికూతురు మాత్రం ఏడ్చిందట. అది చెప్తున్నప్పుడు ఆయన గొంతు తగ్గింది. బడి పెట్టాలని ఊళ్లో అందరికంటే ముందు అడిగింది తాతే అని నాకు అప్పుడు తెలిసింది. "రాసింది కొట్టేయి తల్లీ. బడికి పెద్దగా ఉండి నేనే అబద్ధం రాపిస్తే, రేపు పిల్లోల్లకు నువ్వేం చెప్తావు?" అన్నాడు. కొట్టేశాను.

ఆ సాయంత్రం సమావేశంలో హెడ్మాస్టరుకు కోపం వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, పన్నెండు మంది పిల్లల పరీక్ష ఆయన తలమీద ఉంది. గుర్తింపు రాకపోతే నీ ఉద్యోగమూ ఉండదని నన్నే అన్నారు. మండీ ఆయన ఎటూ చెప్పలేక గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి అవ్వే, అబద్ధం మోసుకుని పరీక్షకు పోవాల్సింది మన పిల్లలే కదా అని, ఉన్నది ఉన్నట్టు పంపమంది. నేను ధైర్యం చేసి, గడుల్లో పట్టనిదంతా వేరే కాగితం మీద రాసి జత చేస్తానన్నాను. అవ్వ గుమ్మాల ముందు నిలబడటం, కాపరి మంద, తాత దిండ్లు, అన్నీ కలిపి మూడు పేజీలు అయ్యాయి. అంత మనసు పెట్టి నేను ఆ తరువాత ఏదీ రాయలేదు.

నెల తిరక్కుండా ఒక అధికారి బడి చూడటానికి వచ్చారు. ఆ మూడు పేజీలు ఆయన చేతిలో ఉన్నాయి. గదులు చూశారు, పిల్లల చేత చదివించారు, తరువాత సభ్యుల్ని కూర్చోబెట్టి, తాతను సూటిగానే, చదువుకోని మీకు పిల్లలకు ఏది మంచి చదువో ఎలా తెలుస్తుందని అడిగారు.

"తెలీదు సార్" అన్నాడు తాత. "దానికే గదా ఈ అయ్యవార్లను పెట్టుకున్యాము. సదువు లేకుంటే ఎట్లుంటాదో, అది మాత్రం మాకు తెలుసు. అది తెలిసినోల్లు ఎవరైనా ఒకరు ఈడ ఉండల్ల."

అధికారి తలవంచుకుని కాగితాలు మడిచారు. టీ తాగారు. పోతూ పోతూ అవ్వకు నమస్కారం పెట్టారు.

గుర్తింపు వచ్చింది, ఒక ఏడాదికి. పిల్లలు పరీక్ష రాశారు, ఒక్కరు తప్ప అందరూ గట్టెక్కారు, ఆ ఒక్కరూ మరుసటి ఏడు గట్టెక్కారు. అయితే ఏడాది లోపల అధ్యక్షుడిగా పది చదివిన మనిషి ఉండాలని ఆ కాగితంలోనే రాసి ఉంది. అట్లా తాత దిగిపోయాడు, పది చదివిన మండీ ఆయన అధ్యక్షుడయ్యాడు. నేను అబద్ధం రాసి ఉంటే ఆయన ఆ కుర్చీలోనే ఉండేవాడు కదా అనే బాధ నన్ను ఎన్నాళ్లో వదల్లేదు. ఒకరోజు ఉండబట్టలేక ఆ మాట ఆయనతోనే అని ఏడ్చాను. "ఏమమ్మా, ఏడ్సేదేముండాది దీంట్లో? ఇప్పుడు నాకు పని తక్కువాయె. అక్షరాలు నేర్పించు" అన్నాడు.

శుక్రవారాలు నమాజు చేసుకుని వచ్చి, బడి వదిలాక ఒకటో తరగతి గదిలో కూర్చునేవాడు. ఆయనకు అక్షరాల రూపాలన్నీ ముందే తెలుసు, పలుకు మాత్రమే కావాలి. ఒక్కో అక్షరం పలికిస్తుంటే, ఎన్నో ఏళ్లుగా చూస్తున్న మనిషి పేరు ఇప్పుడే తెలిసినవాడిలా, "ఓహో, ఇది 'ల'నా! దీన్ని ఎన్ని దిండ్ల మీద కుట్టింటినో" అని మురిసిపోయేవాడు. ఆరు నెలల్లో కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆ తరువాత ఏ ఊరికీ పోయే పని లేకపోయినా పొద్దున్నే బస్టాపులో కూర్చుని, దుమ్ము లేపుకుంటూ వచ్చే ప్రతి బస్సు బోర్డునూ పైకి చదివేవాడు. కదిరి. హిందూపురం. గోరంట్ల. బస్సు ఎక్కేవాళ్లు నవ్వుకునేవారు, ఆయన పట్టించుకునేవాడు కాదు.

మరుసటి ఏడు నాకు రాయదుర్గం వైపు సర్కారు ఉద్యోగం వచ్చింది. తరువాత పెళ్లి, పిల్లలు, బదిలీలు. తాత పోయిన సంగతి ఎన్నో నెలల తరువాత ఎవరో చెప్తే తెలిసింది. అవ్వ, కాపరి ఎప్పుడు పోయారో అది కూడా తెలియదు.

పోయిన చలికాలం ఆ దారిన పోతూ బస్సు దిగాను. ఊరు గుర్తుపట్టలేనంత పెరిగింది. బడి ఉన్న చోట మూడంతస్తుల భవనం, వేరే పేరు, పెద్ద ఇనుప గేటు. లోపల పిల్లలు శుభ్రమైన బట్టల్లో, ఎండ తగలని వరండాల్లో తిరుగుతున్నారు. అది చూసి నిజంగా సంతోషించాను, మా పిల్లలకు కూర్చోవడానికి బల్లలు కూడా చాలేవి కావు. ఆ రోజుల్లో బిడ్డ లెక్కల్లో వెనకబడితే తల్లి నేరుగా తాత ఇంటికే పోయి, దూది మధ్య నిలబడి అడిగేది, ఆయన విల్లు పక్కన పెట్టి ఆమె వెంట బడికి వచ్చేవాడు. గేటు దగ్గరున్న కాపలా మనిషిని, ఈ బడి నడిపే పెద్దలు ఎవరప్పా అని అడిగాను.

"తెలీదమ్మా. వాళ్లు ఈడికి రారు" అన్నాడు.

తన కుర్చీ నాకు జరిపి, ఎండలో నిలబడొద్దన్నాడు. కాసేపు కూర్చున్నాను. లోపల ఏదో తరగతిలో పిల్లలు పద్యం వల్లెవేస్తున్నారు, మాటలు తెలియడం లేదు, రాగం మాత్రం గోడ దాటి వస్తోంది. అది అయిపోయేదాకా విని, లేచి బస్సు కోసం నడిచాను.