శిల్ప పుట్టెంటికలు

పాపను ఇంటికి తెచ్చుకున్న వారంలోనే యశోదమ్మను ఊర్లో కనపడినోళ్ళందరూ ఒకే మాట అడిగినారు. "ఎంతైంది?"

అడిగినోళ్ళు చెడ్డోళ్ళేం కాదు. పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో బర్రెను తెచ్చినా, బోరు వేసినా, కూతురికి పెళ్ళి చేసినా ముందు అడిగేది అదే. చీనీ తోట బేరానికి వచ్చిన షాకీర్ కూడా కాయల వంక చూస్తా చూస్తా, "అక్కా, ఏమీ అనుకోవాకు. మా చెల్లెలికి పిల్లల్లేరు, అందుకే అడుగుతాండా. ఎంతైతాది?" అన్నాడు.

యశోదమ్మ మొగుడు ఆదినారాయణ మాటకు ముందు నవ్వే మనిషి. "బోరు వేసినంత కూడా కాలేదప్పా. ఆఫీసులో కట్టమన్నది కట్టినాం, రశీదు ఇచ్చినారు. నీళ్ళు మాత్రం బాగా పడినాయి చూడు" అని ఒళ్ళో ఏడుస్తున్న పాప మొగం తుడిచినాడు.

షాకీర్ నవ్వినాడు. యశోదమ్మకు నవ్వు రాలేదు. ఆ బిడ్డ కోసం ఆమె పోగొట్టుకున్నది రశీదులో రాసేది కాదు. పోయింది ఆమె పుట్టిల్లు.

పుట్టిల్లంటే జమ్మలమడుగు. అమ్మానాయనా పోయినాక ఆడ మిగిలింది అన్న అశ్వత్థనారాయణ, వదిన శ్రీవాణి, వాళ్ళ కొడుకు అవినాష్. అన్నకు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. కోపం ఎక్కువ, ప్రేమ అంతకంటే ఎక్కువ. ఉగాదికి చెల్లెలికి చీర ఎప్పుడూ తప్పలేదు. యశోదమ్మకు కొడుకు హర్ష పుట్టినప్పుడు, గండి ఆంజనేయస్వామి దగ్గర వాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని పుట్టెంటికలు తీయించింది ఆ అన్నే. బిడ్డ మొదటి వెంట్రుకలు మేనమామ ఒళ్ళోనే రాలాల. ఇంగెవరు కూర్చున్నా అది లెక్కలోకి రాదు.

ఆ హర్ష పన్నెండో ఏట జ్వరం వచ్చి పోయినాడు. పులివెందుల నుంచి కడపకు, కడప నుంచి తిరుపతికి తీసకపోయినారు. యశోదమ్మకు అంతకుముందే గర్భసంచి తీసేసినారు. ఇంగ ఆ ఇంట్లో ఉయ్యాల కట్టే పని లేదని అందరికీ తెలుసు. శానా కాలం ఆమె అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు ఎక్కువ పోసి, మళ్ళా తీసేది.

బిడ్డను తెచ్చుకుందామనే మాట ముందు ఆదినారాయణే ఎత్తినాడు. ఆ సంగతి విని జమ్మలమడుగు నుంచి అన్న పరిగెత్తుకొచ్చినాడు.

"బయట బిడ్డ ఎందుకు మ్మే? మా అవినాష్‌గాడు ఉండాడు కదా. వాన్ని నీకిస్తా. మన రక్తం. రేపు తోట చూసుకుంటాడు, నిన్నూ చూసుకుంటాడు."

యశోదమ్మకు అన్న మనసు తెలుసు. అయినా తల అడ్డంగా ఆడించింది. "వానికి అమ్మ ఉంది అన్నా. వదిన దగ్గర నుంచి బిడ్డను తెచ్చుకోని నేను యాడ సుఖపడేది? అమ్మ లేని బిడ్డ ఎవరన్నా ఉంటే నాకు చాలు."

"ఓహో. నా కొడుకు పనికి రాడా?" అని అశ్వత్థనారాయణ లేచినాడు. "ఊరూ పేరూ తెలియని బిడ్డను తెచ్చి మా నాయన మనవబిడ్డ అంటావా? ఆ బిడ్డకు నేను మేనమామను కాను. దాన్ని ఎత్తుకోని నా గడప తొక్కాకు."

ముందర పెట్టిన మజ్జిగ కూడా తాగకుండా పోయినాడు. ఊర్లో మాత్రం, "తోట చేతికి రాలేదని కోపం" అన్నారు. యశోదమ్మ కూడా అదే అనుకొనింది.

దరఖాస్తు కంప్యూటర్లో పెట్టినారు. ఒక ఆఫీసు మేడం వచ్చి ఇల్లు చూసి, పొయ్యి చూసి, పక్కింటోళ్ళను విచారించి పోయింది. బ్యాంకోళ్ళు జప్తుకు వచ్చినారేమో అని ఊరంతా గుసగుసలాడింది. ఆ తర్వాత ఏండ్లు ఎదురుచూపే. చివరికి ఒకరోజు ఫోన్ వచ్చింది. ఒక ఆశ్రమంలో రెండున్నరేళ్ళ పాప. పేరు శిల్ప. ఆడుండే ఆయా పెట్టిన పేరు, అదే ఉంచినారు.

పాప తల బోడిగా కత్తిరించి ఉండె. పేలు పడితే అందరికీ అట్లే తీసేస్తారంట. మొదట్లో ఎవరి దగ్గరికీ రాలేదు. ఒక్కతే పడుకునేది కాదు. ఆడ పిల్లలందరూ వరసగా పడుకునే అలవాటు కదా, ఈ ఇంట్లో కూడా ఇద్దరి నడిమి జాగా వెతుక్కోని దూరేది. అన్నం తన తట్టలో పెడితే తినేది కాదు, యశోదమ్మ తట్టలోదే తినేది. రోజులు పోయేకొద్దీ "అమ్మా" అనింది. ఆ మాటకు యశోదమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయింది.

జుట్టు పెరిగింది. కండ్ల మీద పడతాండాది. ఆదినారాయణ తల్లి చెన్నమ్మ ఒకరోజు పాప తల నిమిరి, "కోడలా, ఈ శ్రావణంలో గండిలో పుట్టెంటికలు తీపిద్దాం" అనింది.

పక్కింటామె అడ్డం తగిలింది. "ఆశ్రమంలో ఎప్పుడో కత్తిరించినారు కదత్తా. ఇంగ పుట్టెంటికలు యాడుంటాయి?"

"నువ్వు నోర్మూసుకోమ్మే" అనింది చెన్నమ్మ. "మన గడప లోపలికి వచ్చినాక మొలిచినవే ఇవి. మనకు ఇవే పుట్టెంటికలు."

యశోదమ్మ అత్త చెయ్యి పట్టుకొనింది. హర్ష పోయినప్పుడు కూడా ఈ ముసలామె ఏడవకుండా కోడలికే అన్నం కలిపి పెట్టింది. కానీ చెన్నమ్మ అంతటితో ఆగలేదు.

"అయితే మేనమామ ఎవరు?"

ఆదినారాయణ పెళ్ళాం వంక తిరిగి, "కమలాపురంలో మీ చిన్నాయన కొడుకు ఉండాడు కదా, వాన్ని కూర్చోబెడదాం. వానికి పని తక్కువ, తొడలు పెద్దవి" అన్నాడు.

"వద్దు" అనింది యశోదమ్మ. "అన్న బతికుండంగా ఇంగొకన్ని కూర్చోబెడితే, నాకు అన్న ల్యాడని పదిమందిలో చెప్పినట్టు. ఆ మాట నా నోటితో నేను చెప్పలేను."

అందుకని ఆదినారాయణ చేత అన్నకు వాట్సప్‌లో పెట్టించింది. ఏ శనివారం, ఎన్ని గంటలకు, అన్నీ. చూసినట్టు నీలం గీతలు పడినాయి. జవాబు రాలేదు. శనివారం దగ్గరపడతాండాది.

పాపకు కమ్మలు కొందామని మొగుడూ పెళ్ళాం ప్రొద్దుటూరుకు పోయినారు. బంగారు అంగళ్ళ వీధిలో ఎదురుగా వదిన శ్రీవాణి, చేతిలో గొలుసు డబ్బా పట్టుకోని. తెగిన గొలుసు అతికించుకునేదానికి వచ్చిందంట. కండ్లు కండ్లు కలిసినాక తప్పించుకోను ఎవరివల్లా కాలేదు.

"ఏం యశోదా, బాగుండావా?"

"బాగుండా వదినా. శనివారం గండికి వస్తాండారా?"

శ్రీవాణి డబ్బా సంకలో పెట్టుకొనింది. "పిల్చినావా మమ్మల్ని?"

"ఫోన్లో పెట్టినాం కదా."

"అది పిలుపా? మీ అన్న ఆ మెసేజీ నాకు చూపించి ఏమన్యాడో తెల్సా? 'యూరియా కంపెనీ వాళ్ళు కూడా ఇట్లే పెడతారు' అన్యాడు. మేనమామను ఇంటికొచ్చి, ఆడమనిషికి బొట్టు పెట్టి పిలవల్ల. అంత తెలియనిదానివా నువ్వు?"

"గడప తొక్కాకు అన్యాడు కదా వదినా. ఎట్ల వచ్చేది?"

"ఆయప్ప అంటాడు. నువ్వు విన్యావా? పెండ్లికి ముందు ఎన్నిసార్లు అన్యాడు, ఎన్నిసార్లు విన్యావు?" అని శ్రీవాణి గొంతు తగ్గించింది. "అంగడి నుంచి వస్తానే, ఎవరన్నా వచ్చినారా అని అడుగుతాడు. ఎవరని మాత్రం చెప్పడు."

మరుసటి పొద్దున యశోదమ్మ పసుపు, కుంకుమ, రవికె గుడ్డ సంచిలో పెట్టుకోని పాపతో బస్సెక్కింది. అన్న కాదంటే ఇంగ ఈ దోవలో బస్సెక్కే పని ఉండదు. అదొకటే ఆమె తలలో తిరుగుతాండాది.

ఇంటి ముందర నిలబడి, "వదినా" అని పిలిచింది. గడప తొక్కలేదు. లోపల అశ్వత్థనారాయణ కుర్చీలో కూర్చోని పేపర్ చూస్తాండాడు. తల ఎత్తలేదు.

"లోపలికి రా" అనింది శ్రీవాణి.

"తొక్కాకు అన్యాడు కదా. ఈడ నుంచే పెడతా. నుదురు ఇట్ల చాపు వదినా."

శ్రీవాణి నవ్వాల్నో ఏడవాల్నో తెలియక నుదురు చాపింది. అంతలో పాప అమ్మ చెయ్యి విదిలించుకొనింది.

"అమ్మా, ఒంటికి!"

ఆ బిడ్డకు గడప సంగతులేం తెలుసు? ఎగిరి దాటి నేరుగా లోపలికి పోయి, పేపర్ ముందర నిలబడింది. "బాత్రూమ్ యాడ?" అని ఆయప్పనే అడిగింది.

అశ్వత్థనారాయణ పేపర్ దించినాడు. పాపను చూసినాడు. చెయ్యెత్తి వెనక పక్క చూపించినాడు. శ్రీవాణి పరిగెత్తి ఎత్తుకపోయింది.

అన్నాచెల్లెళ్ళు మిగిలినారు, ఒకరు లోపల, ఒకరు బయట. అన్న పేపర్ మడిచి పక్కన పెట్టినాడు. గొంతులో కోపం లేదు.

"ఈ ఒళ్ళో హర్షగాన్ని కూర్చోబెట్టుకున్యా మ్మే. వాడు ఏడ్చి ఏడ్చి నా అంగీ పట్టుకోని నిద్రపోయినాడు. ఆ జాగాలో ఇంగొకరిని ఎట్ల కూర్చోబెట్టుకోవల్ల? మర్చిపోయినావా వాన్ని?"

యశోదమ్మకు అప్పుడు తెలిసింది. ఇన్నేండ్లు తోట అనుకొనింది, పంతం అనుకొనింది. తానొక్కతే ఏడుస్తాండానని అనుకొనింది. ఈ మనిషి కూడా ఇన్నేండ్లూ అదే ఏడుపు ఏడుస్తాండాడు, ఎవరికీ చెప్పుకోలేక.

"మర్చిపోలేదన్నా" అనింది. "వాని మంచం వాని గదిలో అట్లే ఉండాది. దుప్పటి కూడా మార్చలేదు. పాపకు వేరే మంచం కొన్యాం. దాంట్లో పడుకోదు, అది వేరే సంగతి."

అశ్వత్థనారాయణ మొగం పక్కకు తిప్పుకున్నాడు. కండ్లద్దాలు తీసి పంచెకొంగుతో తుడిచినాడు, మళ్ళా తుడిచినాడు. శ్రీవాణి పాపను తీసుకొచ్చి, జానతో వీపు కొలుస్తాండాది, గౌను కొలతకు.

"శ్రావణ శనివారం గండిలో ఇసకేస్తే రాలదు" అన్నాడాయన గోడతో చెప్పినట్టు. "ఎండెక్కితే పాప తల మాడుతాది. తెల్లారేసరికి ఆడుండల్ల. మీ ఆయనకు చెప్పు, నిద్రమొగమోడు."

యశోదమ్మ అప్పుడు గడప దాటింది.

శనివారం గండిలో పాపఘ్ని ఒడ్డున జనం. అశ్వత్థనారాయణ కొత్త పంచె కట్టుకోని బాసిపట్లు వేసుకోని కూర్చున్నాడు. పాప కొత్త గౌనులో, ఆయన ఒళ్ళో, గండి కొండలు మారుమోగేటట్టు ఏడుస్తాండాది. మంగలాయన తల తడిపి, "గట్టిగా పట్టుకోండి సామీ. కూతురా, మనవరాలా?" అన్నాడు.

"మేనకోడలు" అన్నాడు అశ్వత్థనారాయణ. ఎవరి వంకా చూడలేదు. పాప గడ్డం కింద అరచెయ్యి పెట్టి, "అయిపాయ తల్లీ, అయిపాయ, ఇంగ రెండు గీట్లు" అంటాండాడు.

యశోదమ్మ ముందర మోకాళ్ళ మీద కూర్చోని వెంట్రుకలకు పళ్ళెం పట్టింది. కండ్ల నిండా నీళ్ళు. ఆంజనేయస్వామికి మొక్కాల్నో, అన్నకు మొక్కాల్నో, ఆ పాపకే మొక్కాల్నో తెలియలేదు. కనపడని ఆ బిడ్డ కన్నతల్లికి కూడా మనసులో ఒక దండం పెట్టుకొనింది.

"ఏడ్చింది చాలు గాని కోడలా" అని వెనక నుంచి చెన్నమ్మ అరిచింది, "పళ్ళెం సరిగ్గా పట్టు. ఎంటికలు కింద పడతాండాయి!"